ఆ దరువు ఎవరిది?

మీకు బాగా ఇష్టమైన సినిమా పాట ఒకటి తలుచుకోండి. హీరో పేరు సరేసరి! పాడిందెవరో, రాసిందెవరో, బాణీ కట్టిందెవరో కూడా టకటకా చెప్పేస్తారు. మరి పల్లవికీ చరణానికీ మధ్య మీ కాలు మీకు తెలియకుండానే కదిలిందే... అక్కడ డ్రమ్స్ వాయించిందెవరు?

చెప్పలేరు. మీ తప్పేం లేదు లెండి, మీకెవరూ చెప్పలేదు. పాత సినిమాల టైటిల్స్‌లో సంగీత దర్శకుడి పేరు పెద్దక్షరాల్లో పడేది. ఆ పేరు వెనక ముప్ఫై నలభై మంది వాద్యకారులు చెమటలు కక్కుకుంటూ కూర్చుని ఉండేవాళ్లు. వాళ్ల పేర్లు పడాలంటే రీలు చాలదనుకునేవారో ఏమో!

నేను ముప్ఫై ఏళ్లకు పైగా డ్రమ్స్ వాయించి బతుకుతున్నవాణ్ణి. పెళ్లిళ్లలో వాయించాను, వినాయకచవితి పందిళ్లలో వాయించాను, తిరునాళ్లలో తెల్లవారేదాకా వాయించాను, హైదరాబాదు స్టూడియోల్లో వాయించాను. ఇప్పుడు సెల్‌ఫోన్ ఎదురుగా కూర్చుని పాఠాలు చెబుతున్నాను. నా ఫొటో ఏ పత్రిక మధ్యపేజీలోనూ పడలేదు. పడాలన్న కోరిక ఒకప్పుడు ఉండేది, ఇప్పుడు లేదు. ఇప్పుడున్న కోరిక వేరే. అదేమిటో చెప్పాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి. ఓపిగ్గా వినండి మరి.

కాలు కలిసింది, కథ మొదలైంది

డ్రమ్స్ మన వాద్యం కాదని అందరికీ తెలిసిందే. అమెరికాలో వందేళ్ల క్రితం దాకా బాస్ డ్రమ్ ఒకడు, స్నేర్ ఇంకొకడు, సింబల్స్ మరొకడు వాయించేవాళ్లు. 1909లో విలియం లడ్విగ్ అనే ఆయన కాలితో తొక్కే పెడల్ ఒకటి తయారుచేశాడు. అంతే! ముగ్గురి పని ఒక్కడు చేయడం మొదలుపెట్టాడు. అంటే మా కళ పుట్టుకలోనే ఇద్దరి ఉద్యోగాలు పోయాయన్నమాట. ఈ సంగతి గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తుంది.

మన సినిమాకి ఈ వాద్యం మద్రాసులో ఒంటబట్టింది. తండ్రి దగ్గర కొడుకు నేర్చుకునేవాడు. మీకందరికీ తెలిసిన శివమణి గారినే తీసుకోండి. 1959లో మద్రాసులో పుట్టారు. వాళ్ల నాన్న ఎస్.ఎం. ఆనందన్ గారు కూడా డ్రమ్మరే. ఆ కొడుకు 2019లో పద్మశ్రీ అందుకున్నాడు. బకెట్టు మీదా, సూట్‌కేసు మీదా వాయించి జనం చేత ఈలలు వేయించగల మొనగాడు ఆయన.

లైట్ మ్యూజిక్ పార్టీలు ఇంకో బడి. ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం గారు పేరు రాకముందు ఒక బృందం నడిపేవారు. అందులో గిటారూ, హార్మోనియమూ పట్టుకున్నది ఇళయరాజా. తాళవాద్యాలు ఆయన అన్నగారు భాస్కర్. ఇంకో గిటారు గంగై అమరన్. ఆ బృందానికి అప్పుడు ఏ ఊళ్లో ఎంత ఇచ్చి పంపారో గానీ, ఇవాళ తలుచుకుంటే ఒళ్లు జలదరిస్తుంది.

నేనూ అలాంటి పార్టీలోనే పెరిగాను, కృష్ణా జిల్లాలో. 1992లో రాత్రికి డెబ్భై అయిదు రూపాయలు, ఒక పూట భోజనం. కిట్ నాది కాదు, పార్టీ ఓనరుది. స్నేర్ మీద చర్మం చిరిగితే నా జీతంలోంచి కోత! తర్వాత అమ్మ గాజులు రెండు కుదువబెట్టి సొంత కిట్ కొనుక్కున్నాను. ఆ గాజులు విడిపించడానికి నాలుగేళ్లు పట్టింది.

నా మోతని నాకే పోటీకి తెచ్చారు

మద్రాసులో ఒక మాస్టారి దగ్గర రెండేళ్లు నేర్చుకున్నాను. ఆయన పేరు రాయను, రాయవద్దన్నారు. ఎనభైల్లో రోజుకి రెండు కాల్షీట్లు వాయించిన మనిషి. పొద్దున ఏడింటికి స్టూడియోకి వెళ్తే పాట ఒకటే టేక్‌లో, అందరూ కలిసి! వయొలిన్ల వరసలో ఒకడు తప్పు పోతే మొత్తం మళ్లీ మొదటికి. తప్పు తన దగ్గర జరక్కూడదని ప్రతివాడూ ఊపిరి బిగబట్టి వాయించేవాడట.

అంతలో మెషీన్లు వచ్చాయి. 1980లో రోజర్ లిన్ అనే అమెరికా ఇంజనీరు ఎల్.ఎం.-1 అనే డ్రమ్ మెషీన్ తెచ్చాడు. అసలు డ్రమ్ముల శబ్దాలనే రికార్డు చేసి అందులో నింపాడు, మీట నొక్కితే చాలు. 1985లో రోలాండ్ వాళ్ల ఆక్టోప్యాడ్ వచ్చింది. మన ఆర్కెస్ట్రాల్లో దాన్ని ముద్దుగా ‘ప్యాడ్స్’ అంటాం. తబలా, డోలక్, డ్రమ్స్ అన్నీ అందులోనే. నలుగురు కూర్చునే చోట ఒకడే నిలబడ్డాడు. 1992లో ‘రోజా’ వచ్చాక ప్రతి ప్రొడ్యూసరుకీ కంప్యూటర్ సౌండ్ కావాల్సొచ్చింది. రెహమాన్ గారిదేం తప్పు లేదు. ఆయన మెషీన్‌తో పాటు మనుషుల్నీ పెట్టుకున్నారు, ఆల్బమ్‌ల మీద వాద్యకారుల పేర్లు కూడా వేయించారు. వెనకాల వచ్చిన వాళ్లు మెషీన్ని మాత్రం తీసుకుని మనుషుల్ని వదిలేశారు.

నా సంగతి చెబుతాను వినండి. తొంభైల చివర్లో హైదరాబాదులో ఒక స్టూడియో వాళ్లు పిలిచారు. ‘పాట ఏంటండీ?’ అన్నాను. ‘పాటేం లేదు, ఒక్కో డ్రమ్ము విడివిడిగా కొట్టు’ అన్నారు. స్నేర్ మెల్లగా, కాస్త గట్టిగా, ఇంకా గట్టిగా. కిక్ అలాగే. హై-హ్యాట్ మూసి, తెరిచి, సగం తెరిచి. రెండు గంటలు కొట్టాను. కవర్లో డబ్బు పెట్టి ఇచ్చారు, మర్యాదగా కాఫీ కూడా ఇప్పించారు. మళ్లీ ఆ స్టూడియో గడప తొక్కలేదు నేను. ఎందుకు పిలుస్తారు? నా దెబ్బలన్నీ వాళ్ల డబ్బాలో ఉన్నాయిగా! ఏడాది తర్వాత ఆటోలో వెళ్తూ రేడియోలో ఒక పాట విన్నాను. అందులో మోగేది నా స్నేరే. నా బిడ్డ ఎవరి ఇంట్లోనో పాచిపని చేస్తున్నట్టు అనిపించింది.

నాకంటే ఘోరం జరిగిన వాళ్లున్నారు. జేమ్స్ బ్రౌన్ దగ్గర క్లైడ్ స్టబుల్‌ఫీల్డ్ అనే డ్రమ్మర్ ఉండేవాడు. 1969లో ‘ఫంకీ డ్రమ్మర్’ అనే పాటకి వాయించాడు. ఆ దరువు ముక్కని కత్తిరించి ఎన్నో వందల ర్యాప్ పాటల్లో అతికించుకున్నారు. పాట రాసినవాడిగా పేరు జేమ్స్ బ్రౌన్‌ది, కాబట్టి హక్కూ ఆయనదే. చెయ్యి మాత్రం క్లైడ్‌ది. క్లైడ్‌కి క్యాన్సర్ వస్తే వైద్యానికి సుమారు 90 వేల డాలర్లు గాయకుడు ప్రిన్స్ రహస్యంగా కట్టాడని ప్రిన్స్ పోయాకే బయటపడింది. 2017లో క్లైడ్ కూడా వెళ్లిపోయాడు. ఇంకొకాయన గ్రెగరీ కోల్‌మన్. 1969లోనే ‘ఆమెన్, బ్రదర్’ అనే పాటలో ఆరేడు సెకన్ల పాటు ఒంటరిగా వాయించాడు. ఆ ఆరేడు సెకన్ల మీద లండన్‌లో కొత్త సంగీత శాఖలే మొలిచాయి. ఆయనకి మాత్రం పైసా రాలేదు.

2020: చేతులు కట్టేసిన రోజులు

ఎలాగోలా బండి నడుస్తుండగా 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చింది. పెళ్లిళ్లు లేవు, షోలు లేవు, రికార్డింగులు లేవు. ఇంటి అద్దె మూడు నెలలు నిలిచింది. అమ్మాయి కాలేజీ ఫీజు కట్టాలి. కిట్ అమ్మకానికి పెట్టాను. బేరానికి వచ్చినతను సగం ధర అడిగాడు. ‘రేపు చెబుతాను’ అన్నాను.

ఆ రాత్రే నంద్యాల నుంచి ఒక కుర్రాడు ఫోన్ చేశాడు. ‘సార్, మీరు ఫోన్లో నేర్పుతారా?’ అని. డ్రమ్స్ ఫోన్లో నేర్పడమా! ఈత పోస్టులో నేర్పమన్నట్టుంది. అయినా అద్దె గుర్తొచ్చి సరేనన్నాను.

మొదటి వారం నరకం. ఇద్దరం కలిసి వాయిద్దామంటే కుదరదు. గంటకి ఎన్ని కిలోమీటర్ల నెట్ ఉన్నా అటు మోత ఇటు చేరడానికి ఐదో వంతు సెకను పడుతుంది. ‘అంతేనా?’ అంటారేమో. నిమిషానికి 120 బీట్లు కొట్టే పాటలో ఒక బీటుకి అర సెకను. అందులో ఐదో వంతు సెకను ఆలస్యమంటే దాదాపు సగం బీటు ఎగిరిపోయినట్టే! పైగా మీటింగులకోసం చేసిన ఆ యాప్‌కి సింబల్ మోత అంటే కుక్క అరుపుతో సమానం, వెంటనే నొక్కేస్తుంది. సెట్టింగుల్లో ‘ఒరిజినల్ సౌండ్’ అనేది ఒకటుందనీ, అది పెడితే నొక్కదనీ మా అమ్మాయి కనిపెట్టింది.

అప్పుడు పద్ధతి మార్చాను. కలిసి వాయించడం మానేశాం. వాడు వాయించి రికార్డు చేసి పంపుతాడు. నేను విని, ఎక్కడ జారాడో నిమిషమూ సెకనూ వేసి రాసి పంపుతాను. వాడు తన తప్పు తన చెవులతో వింటాడు. ఇది ఎదురుగా కూర్చోబెట్టి చెప్పేటప్పుడు జరిగేది కాదు. ఎదురుగా ఉంటే నా మోత వాడి తప్పుని కప్పేసేది. మూడు నెలల్లో తొమ్మిది మంది శిష్యులు తయారయ్యారు. కిట్ అమ్మలేదు.

ముగ్గురం కూర్చున్నాం

2022లో చెన్నై వెళ్లినప్పుడు మాస్టారింట్లో ముగ్గురం చేరాం. మాస్టారు, నేను, విశాఖపట్నం నుంచి వచ్చిన ఒక కుర్ర డ్రమ్మర్. ఇరవై నాలుగేళ్లవాడు. ఇన్‌స్టాగ్రామ్‌లో వాడి వెనక ఒక చిన్నపాటి ఊరే ఉంది. నా దగ్గర నాలుగు నెలలు నేర్చుకున్నాడు. నన్ను ‘అన్నా’ అంటాడు, మాస్టార్ని ‘తాతయ్యా’ అని పిలిచి మొదటి నిమిషంలోనే ఆయన చేత నవ్వించాడు.

డెబ్భై రెండేళ్ల మాస్టారికి పదిహేనేళ్లుగా పనిలేదు. పింఛను లేదు. నేను వెళ్లింది ఒక్కటే చెప్పడానికి. ‘మాస్టారూ, మీరూ ఆన్‌లైన్లో పాఠాలు మొదలెట్టండి.’

‘ఒరే, నాకున్న ఆస్తి ఏమిట్రా?’ అన్నారాయన. ‘ఆ ఆరు బై ఎనిమిది దరువు. కుడిచేత్తో హై-హ్యాట్ మీద డప్పు నడక, ఎడంచేత్తో స్నేర్ మీద వినీ వినపడని దెబ్బలు. నలభై ఏళ్లు తోమి పెట్టుకున్నాను. నీకు కూడా సగమే చెప్పాను. అది ఫోన్లో పెడితే తెల్లారేసరికి ఊరంతా వాయిస్తుంది. ఇక నా దగ్గరికి ఎవడొస్తాడు?’

కుర్రాడు ఊరుకోలేదు. ‘తాతయ్యా, నేను అన్నీ ఫ్రీగానే పెడతా. చూసిన వాళ్లలో వందకి ఒకడికి నేర్చుకోవాలనిపిస్తుంది. వాడు ఫీజు కడతాడు. రీలు నాకు బోర్డు, క్లాసు నాకు కొట్టు.’

‘మరి నీకు రికార్డింగులు వస్తున్నాయా?’ అని మాస్టారు.

వాడి మొహం కాస్త వాడింది. ‘రావు. ఒక ఫిల్ వాయించాను, లక్షల మంది చూశారు. అప్పట్నుంచి ఎక్కడికెళ్లినా అదే వాయించమంటారు. కొత్తది పెడితే చూడరు. నెలకి పదిహేను రీళ్లు పెట్టకపోతే ఆ యాప్ నన్ను మరిచిపోతుంది. నేను వాయిస్తున్నానో, అదే నన్ను వాయిస్తోందో తెలియట్లేదు తాతయ్యా.’

చూశారా! ఒకాయన దాచుకుని ఖాళీగా ఉన్నాడు. ఒకడు పంచిపెట్టి ఖాళీ అవుతున్నాడు. మధ్యలో నేను, ఇద్దరికీ సలహా చెప్పే స్థోమత లేనివాణ్ణి.

మీరు నెట్‌లో చూసే విజయాలు అబద్ధం కావు. ఇంగ్లండులో నాందీ బుషెల్ అనే చిన్నపిల్ల 2020లో ఫూ ఫైటర్స్ డేవ్ గ్రోల్‌ని నెట్‌లోనే డ్రమ్స్ పోటీకి పిలిచింది. మరుసటేడు లాస్ ఏంజెలిస్‌లో వేలమంది ముందు ఆయన బృందంతోనే వాయించింది. మన బెంగళూరు మృదంగ విద్వాంసుడు బి.సి. మంజునాథ్ గారు ఒకటి, ఒకటి, రెండు, మూడు, ఐదు, ఎనిమిది అనే ఫిబొనాచీ లెక్కని కొన్నకోల్‌లో పలికి ప్రపంచమంతా చుట్టొచ్చారు. కానీ వాళ్ల చేతిలో ముందే సరుకుంది. నెట్ దాన్ని మోసింది. ఖాళీ బండిని ఎంత దూరం తోలినా సంతలో అమ్మడానికేముంటుంది?

సొంతం అంటే ఏమిటి?

ఆ సాయంత్రం అసలు చర్చ ఇక్కడ పడింది. సొంత దరువు అనేది ఉంటుందా? నేను టోటో బృందం డ్రమ్మర్ జెఫ్ పొర్కారో సంగతి ఎత్తాను. 1982లో ‘రొజానా’ అనే పాటలో ఆయన వాయించిన షఫుల్ కోసం ఇప్పటికీ డ్రమ్మర్లు చేతులు విరగ్గొట్టుకుంటారు. అది ఎక్కడిదయ్యా అంటే ఆయనే వీడియో పాఠంలో విప్పి చూపించాడు. ఒక ముక్క బెర్నార్డ్ పర్డీది, ఒక ముక్క లెడ్ జెప్పెలిన్ జాన్ బోనమ్‌ది, కాళ్లకింద బో డిడ్లీ దరువు. మూడు ఇళ్ల పిండి తెచ్చి తన పెనం మీద అట్టు పోశాడు. ఎవరింటి పిండో చెప్పాడు కూడా. అందుకే ఆయన్ని ఎవరూ దొంగ అనలేదు.

మాస్టారు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లిగా అన్నారు. ‘నా దరువులో డప్పు నడక మా ఊరి జాతరలో ఒక ముసలాయన వాయించేవాడు. ఆయనకి నేనేం ఇవ్వలేదు. పేరు కూడా ఎక్కడా చెప్పలేదు.’

ఆ మాట తర్వాత గదిలో ఫ్యాను చప్పుడు తప్ప ఇంకేం వినపడలేదు. కాసేపటికి ఆయన లేచి కిట్ మీది దుప్పటి తీశారు. కుర్రాణ్ణి కూర్చోబెట్టి ఒక మెలొడీ పాట పెట్టి వాయించమన్నారు. వాడు మొదటి చరణంలోనే నాలుగు ఫిల్స్ పడేశాడు. మాస్టారు ఆపేసి అడిగారు. ‘గాయకుడు ఊపిరి ఎక్కడ తీసుకున్నాడు?’ వాడికి తెలియదు. మళ్లీ పెట్టారు. ‘అదిగో, ఆ లైను చివర. నీ ఫిల్ అక్కడ. ఆయన మాట మీద కాదు, ఆయన ఊపిరి మీద వాయించు. మాటని తొక్కితే పాట రాసినవాడు తిడతాడు.’ వాడు పదకొండుసార్లు వాయించాడు. పదకొండోసారి మాస్టారు తల ఊపారు. వాడి కళ్లల్లో నీళ్లు! లక్షల లైకులకి రాని నీళ్లు అవి.

నాకు ఇంకో పేరు గుర్తొచ్చింది. డెఫ్ లెపర్డ్ అనే ఇంగ్లీషు బృందంలో రిక్ అలెన్. 1984 డిసెంబరు 31న కారు ప్రమాదంలో ఎడమ చెయ్యి పూర్తిగా పోయింది. ఇంకొకరైతే వాద్యం వదిలేసేవారు. ఆయన ఎడమ చేతి పనిని ఎడమ కాలికి అప్పగించాడు. ఎలక్ట్రానిక్ పెడల్స్ చేయించుకుని, 1986లో తిరిగి పెద్ద వేదికెక్కాడు. 1987లో ‘హిస్టీరియా’ ఆల్బమ్! మమ్మల్ని మింగిన ఆ మెషీనే ఆయనకి చెయ్యి అయింది. మెషీన్ చెడ్డదా, మంచిదా అని ఇక నన్నడక్కండి.

తన మోతకే తను దొంగ!

ఆ నెలలోనే మాస్టారు ఒప్పుకున్నారు. తొలి వీడియోకి ఎనభైల నాటి ఒక హిట్ పాట ఎంచుకున్నాం. ఆ పాటలో డ్రమ్స్ వాయించింది ఆయనే! పాట పెట్టి, దాని మీద నలభై ఏళ్ల తర్వాత మళ్లీ ఆయనే వాయించారు. ఎక్కించాం. గంట తిరక్కుండా నోటీసు. ‘ఇందులో వేరొకరి హక్కులున్న సంగీతం ఉంది. ప్రకటనల డబ్బు హక్కుదారుకి వెళ్తుంది.’ హక్కుదారు ఒక ఆడియో కంపెనీ. మాస్టారు అద్దాలు సర్దుకుని చదివి, ‘అంటే నా చెయ్యి నేను దొంగిలించానంటున్నారా?’ అన్నారు.

కోపంతో ఒక లాయరు మిత్రుడి దగ్గరికి పరుగెత్తాను. ఆయన చెప్పింది మీరూ తెలుసుకోవాలి. 2012లో కాపీరైట్ చట్టాన్ని సవరించి, కళాకారులకి రాయల్టీలో వాటా ఉండాలన్నారు. చాలా మంచి మాట. కానీ అదే సవరణలో ఒక మెలిక ఉంది. సినిమాలో ఎవరి పాత్ర యాదృచ్ఛికమైనదై, పరిశ్రమ ఆనవాయితీ ప్రకారం పేరు ఎక్కడా పడదో, అలాంటివాడికి ఈ హక్కులు వర్తించవట. అతని ప్రదర్శనని వికృతం చేస్తే అడిగే హక్కు ఒక్కటి మాత్రం ఉంటుంది. మాస్టారి విషయంలో కోర్టు ఏమంటుందో లాయరుకే తెలియాలి. వాదించే డబ్బు ఎవరి దగ్గరుంది? కానీ ఒక్కటి నా బుర్రకెక్కింది. తెర మీద పేరు పడటం ముచ్చట కోసం కాదు. అది ఆస్తి పత్రం లాంటిది.

రెండో వీడియోలో సినిమా పాట లేదు. మాస్టారు, కిట్, ఆయన దరువు, అంతే. మొదట డప్పు నడక వాయించి, తమ ఊరి జాతరలో ఆ ముసలాయన పేరు చెప్పి దణ్ణం పెట్టారు. తర్వాత ఎడంచేతి గుట్టు మొత్తం విప్పారు. నాకు కూడా చెప్పని ఆ మిగతా సగంతో సహా! నేను కెమెరా పట్టుకుని ఉన్నాను, చెయ్యి వణికి బొమ్మ కదిలింది. మళ్లీ తీద్దామంటే వద్దన్నారు.

లక్షలు రాలేదండీ. కొన్ని వేలమంది చూశారు. అందులోంచి పదకొండు మంది శిష్యులు వచ్చారు. ఇద్దరు డాలస్‌లో తెలుగు పిల్లలు, ఒకడు సిడ్నీలో, మిగతా వాళ్లు మన జిల్లాల్లో. ఇంటి అద్దె, మందులు నడుస్తున్నాయి. ఏలూరు నుంచి ఒక అమ్మాయి ఆ దరువుని కాస్త వంచి, నాలుగో దెబ్బని వెనక్కి లాగి వాయించి పంపింది. నేను తప్పు అనుకున్నాను. మాస్టారు మూడుసార్లు విని, ‘దిద్దకు. ఇది ఆ పిల్లది’ అన్నారు. ఊరంతా వాయిస్తే తన దగ్గరికి ఎవరూ రారని భయపడిన మనిషే ఆ మాట అన్నది!

విశాఖ కుర్రాడు రీళ్లు నెలకి నాలుగుకి తగ్గించాడు. చూసేవాళ్లు తగ్గారు, క్లాసులో పిల్లలు తగ్గలేదు. వాడికి ఈమధ్య ఒక చిన్న సినిమాలో రెండు పాటలకి కిట్ వాయించే అవకాశం వచ్చింది. మెషీన్ కాదు, నిజం కిట్!

చేతులు దురదపెట్టే వాళ్లకి

మీలో చాలామందికి బెంచీ మీద వేళ్లు ఆడుతూ ఉంటాయని నాకు తెలుసు. మీకు నాలుగు మాటలు. మొదట కిట్ కొనకండి, ఒక జత కర్రలూ, రబ్బరు ప్యాడూ చాలు. మెట్రొనోమ్‌ని అరవైలో పెట్టండి. నూట ఎనభైలో ఎవడైనా హడావుడి చేస్తాడు, అరవైలో నిలబడటమే కష్టం. ట్రినిటీ గ్రేడ్ పరీక్షలు కట్టుకుంటానంటే కట్టుకోండి, చదవడం వస్తుంది. కానీ సర్టిఫికెట్ మోగదు. కాలేజీ మానేయకండి. ఒక్క ఆదాయం మీద బతికిన డ్రమ్మర్ని నేను చూడలేదు. షో ఒకటి, పాఠం ఒకటి, రికార్డింగ్ ఒకటి, మూడు కాళ్లుంటేనే పీట నిలుస్తుంది. యూట్యూబ్‌లో ప్రకటనల వాటా రావాలంటే వెయ్యిమంది సబ్‌స్క్రైబర్లూ, బోలెడంత వీక్షణా ఉండాలి. అది వచ్చినా అద్దెకి చాలదు, దాన్ని నమ్ముకోకండి. శిష్యుణ్ణి నమ్ముకోండి.

నాకున్న కోరిక ఏమిటో చెబుతానన్నాను కదూ. నేను ఇప్పుడు ఏ రికార్డింగుకి వెళ్లినా, రేటు మాట్లాడేముందు ఒక మాట అడుగుతున్నాను. ‘పేరు వేస్తారా?’ అని. కొందరు నవ్వుతారు. ఒకరిద్దరు ఆ నవ్వుతోనే నన్ను మార్చి వేరేవాణ్ణి పెట్టుకున్నారు. అయినా అడుగుతున్నాను. నా శిష్యుల చేత కూడా అడిగిస్తున్నాను. ఎంతమందిమి అడిగితే అంత తొందరగా అది ఆనవాయితీ అవుతుంది. చట్టం చూసేది ఆ ఆనవాయితీనేగా!

మీరు కూడా ఒక పని చేసిపెట్టండి. ఈసారి థియేటర్లో సినిమా అయిపోయాక పేర్లు పైకి పాకుతుంటాయే, అప్పుడు ఒక్క నిమిషం కూర్చోండి. సైకిల్ స్టాండులో రద్దీ కూడా తగ్గుతుంది. అక్కడ ‘డ్రమ్స్’ అన్న మాట పక్కన ఎవరి పేరైనా కనిపిస్తే, ఆ పేరు ఒకసారి పైకి చదవండి.